మనవడిని చూడటానికి ఉగాండా వెళ్తున్నాం.. ఎల్లో ఫీవర్ టీకా తప్పదా డాక్టర్?

ప్రశ్న: మా అబ్బాయి ఉగాండాలోని కంపాలాలో ఉద్యోగం చేస్తున్నాడు. మనవడు పుట్టాడు. వచ్చే నెల నేనూ, నా భార్యా వెళ్దామనుకుంటున్నాం. నాకు 63 ఏళ్లు, బీపీ, షుగర్ మాత్రలు వాడుతున్నాను. ఎల్లో ఫీవర్ టీకా కార్డు ఉండాల్సిందేనట. మన దేశంలో లేని జబ్బుకు ఈ వయసులో టీకా ఎందుకు? సూది వేయించుకోకుండానే కార్డు ఇప్పిస్తానని ఒక ఏజెంట్ అంటున్నాడు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మనవడు పుట్టినందుకు శుభాకాంక్షలు. ఏజెంట్ మాట మాత్రం అస్సలు వినకండి. దోమకాటుతో వచ్చే ఎల్లో ఫీవర్‌కు ప్రత్యేకంగా మందు లేదు. జబ్బు ముదిరి కామెర్లు, రక్తస్రావం దాకా వెళ్తే దాదాపు సగం మంది బతకరు. దొంగ కార్డు మిమ్మల్ని విమానం ఎక్కిస్తుందేమో గానీ, దోమ నుంచి కాపాడదు.

మన దగ్గర ఈ జబ్బు లేదన్న మాట నిజమే. కానీ దాన్ని మోసే దోమ ఉంది. డెంగీని అంటించే ఏడిస్ దోమే దీన్నీ అంటిస్తుంది. కూలర్‌లో, పూలకుండీ కింద పళ్లెంలో, పెరట్లో పడేసిన టైర్‌లో పెరిగేది అదే. ఒంట్లో వైరస్‌తో ఊళ్లో దిగిన ఒక్క మనిషిని అది కుడితే చాలు, ఇక్కడ టీకా వేయించుకున్నవాళ్లు ఎవరుంటారు? నాకు భయమంతా అక్కడే.

ఇది ఉత్తుత్తి భయం కాదు. 2016లో అంగోలాలో ఈ జబ్బు చెలరేగినప్పుడు అక్కడి నుంచి 11 మంది దాన్ని చైనాకు తీసుకెళ్లారు. అదే సమయంలో పక్కనున్న కాంగోకూ పాకింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, రెడ్‌క్రాస్ సమాఖ్య, ‘సరిహద్దులు లేని వైద్యులు’ సంస్థ కలిసి అత్యవసరానికని దాచిన 60 లక్షల డోసులూ చాలలేదు. చివరికి కాంగో రాజధాని కిన్షాసాలో ఒక్కో మనిషికి మామూలు డోసులో ఐదో వంతు చొప్పున 70 లక్షల మందికి పైగా వేసి గండం గట్టెక్కారు. అందరూ ముందుగా కలిసి దాచుకోకపోతే ఆ ఐదో వంతు కూడా ఉండేది కాదు.

మీ చేతికొచ్చే పసుపు రంగు టీకా కార్డూ అలాంటి ఒప్పందంలోదే. 2007 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలకు 196 దేశాలు కట్టుబడ్డాయి. టీకా కార్డు అడగవచ్చని వాటిలో పేరు పెట్టి చెప్పిన జబ్బు ఇదొక్కటే. ఉగాండా లోపలికి వెళ్లేటప్పుడు అడుగుతుంది, తిరిగొచ్చేటప్పుడు మనవాళ్లు అడుగుతారు. సరైన కార్డు లేకపోతే ఇక్కడ 6 రోజులు క్వారంటైన్‌లో పెడతారు. దోమ కుట్టిన 3 నుంచి 6 రోజుల్లో జబ్బు బయటపడుతుంది కాబట్టే ఆ లెక్క.

ఇక మీ సంగతి. బీపీ, షుగర్ అదుపులో ఉంటే వాటివల్ల టీకాకు అడ్డు లేదు. అయితే ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా. 60 దాటాక మొదటిసారి వేయించుకునేవారిలో తీవ్రమైన దుష్ప్రభావాలు కాస్త ఎక్కువ, అవి చాలా అరుదే అయినా. అందుకే టీకా కేంద్రంలో డాక్టర్‌కు అన్నీ చెప్పండి. కోడిగుడ్డు తింటే తీవ్రమైన అలర్జీ వస్తుందా, స్టెరాయిడ్లు, క్యాన్సర్ మందులు వాడుతున్నారా, ఛాతీలోని థైమస్ గ్రంథికి ఏదైనా జబ్బు ఉందా.. ఏదీ దాచొద్దు. టీకా వద్దని డాక్టర్ తేలిస్తే మినహాయింపు పత్రం ఇస్తారు. అయినా తిరిగొచ్చాక క్వారంటైన్ పెట్టవచ్చు, ముందే కనుక్కోండి.

హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఈ టీకా వేస్తారు. సీసాలోని పొడిని ద్రవంలో కలిపాక కొన్ని గంటల్లోనే వాడేయాలి, అందుకే రోజూ కాకుండా కొన్ని నిర్ణీత రోజుల్లోనే వేస్తుంటారు. ఫోన్ చేసి వెళ్లండి. పాస్‌పోర్ట్ తీసుకెళ్లండి. కార్డు మీద పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో, టీకా బ్యాచ్ నంబర్, సంతకం, ముద్ర పడ్డాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. మీ ఇంట్లో ఆవిడకు విడిగా కార్డు ఉండాలి.

టీకా వేసిన 10 రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, కాబట్టి ఈ వారంలోనే కదలండి. ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే టెన్షన్ పడకండి. ఉగాండాలో మలేరియా ఎక్కువ, ఈ టీకా దాన్ని ఆపదు. మలేరియా రాకుండా వేసుకునే మాత్రల గురించి మీ ఫిజీషియన్‌ను అడగండి, మీరు ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లడం మరవకండి.