ఆటలో శవాన్ని లేపాడు, ఇంట్లో మాటల్లేవు

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. పెళ్లయ్యాక డల్లాస్ వచ్చాను. మావారికీ ఆయన స్నేహితులకీ కాలేజీ రోజుల నుంచి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (బల్ల చుట్టూ కూర్చుని, తలో పాత్రా వేస్తూ, పాచికలతో కథ నడిపే ఆట) పిచ్చి, నాకూ అంటింది. 3.5 అనే పాత ముద్రణ నియమాల పుస్తకాలతోనే శనివారం రాత్రుళ్లు ఆడతాం. నాది వైద్యం చేసే క్లెరిక్ పాత్ర. ఆయనది శవాలతో పని చేయించుకునే నెక్రోమాన్సర్. ఏడు నెలల క్రితం ఒంగోలులో నాన్న పోయారు. టికెట్ దొరికేసరికి ఆలస్యమైంది, దహనం వీడియో కాల్‌లో చూశాను. పోయిన నెల ఆటలో నా పాత్రకి గురువైన ముసలాయన చనిపోయాడు. నేను మంత్రానికి కావలసిన వజ్రం తీసి బతికించబోతుంటే, మావారు అడ్డొచ్చి ఆయన్ని జాంబీని, అంటే లేచి నడిచే శవాన్ని చేసి, ఉచ్చులున్నాయేమో చూడమని ముందు నడిపించారు. అందరూ నవ్వారు. నేను లేచి వచ్చేశాను. "నీది ప్రాణశక్తి, నాది మృత్యుశక్తి. రెండూ కరెంటు లాంటివే, ఇందులో తప్పేముంది?" అంటారాయన. ఆ గురువు మాటతీరు మా నాన్నలా ఉండాలని ఆట నడిపే అతనికి నేనే చెప్పి పెట్టించుకున్నాను. ఇది మావారికి తెలియదు. మొన్ననే వచ్చిన అత్తగారేమో "శవాలు లేపే ఆట ఇంట్లో ఏమిటమ్మా" అంటున్నారు. నాదే చాదస్తమా?

జవాబు: చాదస్తం కాదమ్మా. కాకపోతే మీరిద్దరూ పోట్లాడుకుంటున్నది అసలు సంగతి గురించి కాదు.

ముందు మీవారి మాటలో నిజమెంతో ఒప్పుకుందాం. మీరాడే పుస్తకంలోనే గాయపరిచే 'ఇన్‌ఫ్లిక్ట్' మంత్రాలున్నాయి. అవి నడిచేది నెగటివ్ ఎనర్జీ మీదే, అంటే మీవారనే మృత్యుశక్తి మీదే, అయినా వాటికి 'ఈవిల్' (చెడు) ముద్ర లేదు. మీ ప్రాణశక్తి, పాజిటివ్ ఎనర్జీ కూడా అచ్చంగా అమృతమేం కాదు. ఆ శక్తి మరీ గాఢంగా నిండిన లోకంలోకి మనిషి వెళితే ముందు గాయాలు మానతాయి, ఆ తర్వాత ప్రాణం పట్టలేనంత ఎక్కువై ఒళ్లు పేలిపోతుంది. మన భారతంలో మాత్రం? ఆదిపర్వంలో కచుడి కథ గుర్తు తెచ్చుకోండి. మృతసంజీవని తెలిసినవాడు శుక్రుడు, రాక్షసుల గురువు. దాన్ని నేర్చుకు రమ్మని దేవతలు కచుణ్ణి శిష్యుడిగా పంపాల్సి వచ్చింది. కాబట్టి శక్తికి మంచీ చెడూ అంటగట్టలేం అన్నంతవరకు ఆయన వాదన నిలుస్తుంది.

కానీ ఆయన వేసింది ఇన్‌ఫ్లిక్ట్ కాదు, 'యానిమేట్ డెడ్'. దాని పక్కన 'ఈవిల్' అని అచ్చులోనే ఉంది. పేజీ తీసి చూపించాలనిపిస్తుంది కదూ? చూపించకండి. ఆ పుస్తకాలు రాసినవాళ్లకే నిలకడ లేదు. 2000లో వచ్చిన ముద్రణలో జాంబీలూ అస్థిపంజరాలూ మంచీ చెడూ లేనివి. మూడేళ్లు తిరిగేసరికి, మీరాడే 3.5లో, అవే చెడ్డవైపోయాయి. ఎవరు చావుకి ఎంత దగ్గరలో ఉన్నారో చూసి చెప్పే 'డెత్‌వాచ్' మంత్రానికి కూడా ఈవిల్ ముద్ర కొట్టారు. ఐసీయూలో నర్సమ్మ రాత్రంతా చేసే పని అది! 1978 నాటి పుస్తకంలోనైతే మీ గాయాలు మాన్పే మంత్రమే నెక్రోమాన్సీ (మృత్యువిద్య) ఖాతాలో ఉండేది, అంటే మీవారి అరలో. 2023లో ఇలాంటిదే మరో ఆట అయిన పాత్‌ఫైండర్ ఆటవాళ్లు పాజిటివ్, నెగటివ్ అన్న పేర్లే తీసేసి వైటాలిటీ, వాయిడ్ అని మార్చుకున్నారు. ఇలాంటి పుస్తకాన్ని ఆలుమగల మధ్య పెద్దమనిషిగా కూర్చోబెడితే ఏం తీర్పు చెబుతుంది?

నాకు అందులో పనికొచ్చినవి వేరే రెండు వాక్యాలు. మీరు వేయబోయిన 'రెయిజ్ డెడ్'లో, చనిపోయినవాడి ఆత్మకి తిరిగి రావాలని ఉంటేనే మంత్రం పనిచేస్తుంది. వద్దనుకుంటే 5,000 బంగారు నాణేల వజ్రం పెట్టినా రాదు. మీవారి మంత్రానికి ఆ బాధ లేదు. నోట్లోనో కంటి గుంటలోనో నల్ల ఓనిక్స్ రాయి పెడితే చాలు, శవం లేచి చెప్పినట్టు నడుస్తుంది. ఆ ముసలాయన్ని ఎవరూ అడగలేదు, వజ్రం పట్టుకుని పక్కనే నిలబడ్డ మిమ్మల్నీ అడగలేదు. మీ మంత్రానికి నిమిషం పడుతుంది, ఆయనదానికి ఆరు సెకన్లు కూడా అక్కర్లేదు. ఆ కాస్త వ్యవధిలో "నేను లేపనా?" అని మీవైపు తిరిగి ఒక్క మాట అడిగి ఉంటే మీరు నాకు ఉత్తరం రాసేవారు కాదు.

ఇక మీ సంగతి. ఒంగోలులో మీకు దక్కనివన్నీ ఆ రాత్రి ఆటలో దొరికాయి: పక్కనే శరీరం, చేతిలో వజ్రం, ఒక నిమిషం టైము. దాన్ని లాక్కున్నారు కాబట్టే అంత దుఃఖం వచ్చింది. అయితే ఆ గురువు నోట మాట్లాడుతున్నది మీ నాన్న అని మీవారికి తెలియదే! ముక్కూమొహం తెలియని నాకు రెండు వాక్యాల్లో రాసేశారు, పక్కనున్న మనిషికి నెల రోజులుగా చెప్పలేదు. ఆయన చేసింది మోటు సరసం, అది తప్పే. తెలిసి చేసిన క్రూరత్వం మాత్రం కాదు.

చెప్పండి. శనివారం వద్దు, స్నేహితుల ముందు వద్దు, చేతిలో పుస్తకం అసలే వద్దు. ఇద్దరూ నడకకి వెళ్లినప్పుడు, "ఆ గురువు మాటలు నాన్నవి, నేనే పెట్టించాను" అని ఊరుకోండి. క్షమాపణ అడగకండి, ఆయనకి కాస్త టైమివ్వండి. "అది ఆటే కదా" అంటే, "ఆటే, అందుకే నాన్నని అక్కడ దాచుకున్నాను" అనండి.

ఆటలో చిక్కు విడదీయడం తేలికే. ఆ సన్నివేశం జరగనట్టే అనుకుందామని ఆట నడిపే అతన్ని అడగొచ్చు. లేదంటే, జాంబీగా మారినవాడికి రెయిజ్ డెడ్ పనిచేయదు గానీ, ఆ జాంబీని అంతం చేశాక 'రెజరెక్షన్'తో బతికించే దారి ఉంది, వజ్రం ఖరీదు 10,000. నాకైతే ఇంకోటి తోస్తోంది: ఆ జాంబీని అంతం చేయించి, నెక్రోమాన్సర్ భుజం మీదే గురువుని మోయించి, మీ చేత్తో చితి పేర్పించుకోండి. ఏది కావాలో మీ మనసు చెప్పాలి. ఇకమీదట బల్ల మధ్యలో ఎక్స్ కార్డు పెట్టుకోండి. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే కారణం అడక్కుండా ఆ సన్నివేశం వదిలేస్తారు. చాలామంది ఆటగాళ్లు వాడేదే. నిద్ర, తిండి ఇప్పటికీ సరిగ్గా లేకపోతే మాత్రం అక్కడే ఒక గ్రీఫ్ కౌన్సెలర్‌ని కలవండి, ఆటతో సరిపెట్టుకోకండి.

అత్తగారి గురించి కంగారేం లేదు. వైకుంఠపాళి, అష్టాచెమ్మా ఎరిగిన మనిషే అయుంటారు. వచ్చే శనివారం పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఇరవై ముఖాల పాచిక ఆవిడ చేతికివ్వండి. మీవారి పందెం ఆవిడే వేస్తే ఇంకా మంచిది.