స్నోలో ట్రాక్టర్ జారుతోంది, టైర్లు మార్చాలా?

మిషిగన్‌లో కొత్తగా స్థలంతో ఇల్లు కొన్నామని, 25 హెచ్‌పీ ట్రాక్టరుకు ఫోర్‌వీల్ డ్రైవ్ ఉండి కూడా డ్రైవ్‌వే వాలు మీద చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాయని, ఆర్4 టైర్లు తీసేసి వేరేవి వేయించాలా అని అడిగారు. ఇప్పుడే వద్దండి. టైర్లు, రిమ్ములు కలిపి మార్చాలంటే బోలెడు ఖర్చు. అందులో కొంత పెట్టినా మీ పని అయిపోతుంది. ముందు బరువు చూడండి, తర్వాత టైర్లకు చుట్టే చైన్లు. టైర్ల సంగతి చివర్లో.

నేనూ మిషిగన్‌లోనే, పడమటి వైపు ఉంటాను. మిషిగన్ సరస్సు మీదుగా వచ్చే గాలి తేమంతా మోసుకొచ్చి మా నెత్తిన స్నోగా కుమ్మరిస్తుంది. మాది కంకర డ్రైవ్‌వే, రోడ్డు దగ్గర బాగా దిగుడు. ట్రాక్టరు మీలాంటిదే, టైర్లూ అవే.

ఆర్4 టైరు గట్టి నేల మీద లోడర్ (ముందు బకెట్‌తో ఎత్తిపోసే) పనికి చేసింది. దాని లగ్స్, అంటే టైరు మీది ఉబ్బెత్తు గట్లు, వెడల్పుగా ఉంటాయి, కరిచి పట్టుకునే అంచులు తక్కువ, చలికి రబ్బరు ఇంకా బిరుసెక్కుతుంది. లాన్ కోసం చేసిన ఆర్3 టైర్లు పలచటి స్నోలో వీటికంటే నయం, చిన్న చిన్న అంచులు ఎక్కువ కాబట్టి. పొలం టైరు ఆర్1 లోతు స్నోలో బాగా లాగుతుంది. కానీ గట్టి ఐస్ మీద ఒట్టి రబ్బరు ఏదైనా జారేదే. అందుకే టైర్లు మార్చడం చివరి మాట అన్నాను.

ఇక బరువు. మన ఊళ్లలో ట్రాలీ లాగేటప్పుడు ట్రాక్టరు ముందు భాగం లేవకుండా ముందు బంపరుకు ఇనుప దిమ్మలు తగిలిస్తారు. ఇక్కడ వ్యవహారం తిరగబడుతుంది. లోడర్ బకెట్‌లో స్నో ఎత్తగానే బరువు ముందుకు పోయి, వెనక చక్రాలు తేలికైపోతాయి. అందుకని వెనక పనిముట్లు తగిలించే త్రీ పాయింట్ హిచ్‌కు ఏదో ఒక బరువు తప్పకుండా ఉండాలి. బ్లేడ్ అయినా, స్నో బ్లోయర్ అయినా, బ్యాలస్ట్ బాక్స్ (బరువు నింపిన పెట్టె) అయినా సరే. 55 గ్యాలన్ల డ్రమ్ములో సగం వరకు కాంక్రీటు పోస్తే సుమారు 550 పౌండ్లు వస్తుంది. చేయించేముందు మీ హిచ్ ఎంత ఎత్తగలదో మాన్యువల్‌లో చూడండి. ఇది ఇరుసుకు వెనక వేలాడుతుంది కాబట్టి వెనక చక్రాలను అదమడమే కాదు, ముందు ఇరుసు మీద భారం కూడా తగ్గిస్తుంది.

దానితోపాటు వెనక టైర్లలో ద్రవం నింపించండి. దమ్ముకూ ట్రాలీకీ టైర్లలో నీళ్లు పట్టించడం మన దగ్గర మామూలే గానీ, ఇక్కడ ఆ పని చేయకండి, జనవరిలో లోపలే గడ్డకడుతుంది. కార్ల వాషర్ ఫ్లూయిడ్ చవక, కాకపోతే నీళ్లకంటే తేలిక. కాల్షియం క్లోరైడ్ ద్రావణం బరువైనదే కానీ ఎక్కడ లీకైతే అక్కడ రిమ్ము తుప్పుపట్టి పోతుంది. నేను బీట్ జ్యూస్ పోయించాను. మనం కూర వండుకునే ఎర్ర బీట్‌రూట్‌ది కాదు, పంచదార తీసే తెల్ల దుంపది. గ్యాలన్ దాదాపు 11 పౌండ్లు తూగుతుంది, నీళ్లయితే 8.3. అంటే టైరులో 30 గ్యాలన్లు పోస్తే 330 పౌండ్లు. తుప్పు పట్టించదు, ఇక్కడి చలికి గడ్డకట్టదు. వాల్వ్‌ను పైకి తిప్పి ఆ మట్టం దాకా, అంటే 75 శాతం వరకే నింపాలి. ముందు టైర్లకు అక్కర్లేదు.

ఇంత చేసినా ఐస్ మీద చైన్లు ఉండాల్సిందే. దమ్ములో కేజ్ వీల్స్ చేసే పని ఇక్కడ చైన్లు చేస్తాయి. నిచ్చెనలా అడ్డగొలుసులు మాత్రమే ఉన్నవి కొనకండి. ఆర్1, ఆర్4 టైర్లకు అవి లగ్స్ మధ్య సందుల్లోకి దిగిపోయి ఏ పనీ చేయవు. అడ్డగొలుసులను మళ్లీ నిలువుగా కలిపే రకం, డైమండ్ లేదా హెచ్ ఆకారం అల్లికవి తీసుకోండి. వేశాక కాస్త దూరం నడిపి, దిగి మళ్లీ బిగించాలి. కొనేముందే టైరుకూ ఫెండరుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవండి. చాలకపోతే చక్రాన్ని బయటికి జరిపే వీల్ స్పేసర్లు పెట్టాలి. ఒక్క జతే కొంటే వెనకకే వేయండి. ముందు చక్రాలకు చైన్లు వద్దని కొన్ని మాన్యువల్స్‌లోనే ఉంటుంది. డ్రైవ్‌వే తారుదైతే, ఐస్‌ను కరిచే వీ బార్ గొలుసులు దాన్ని గీరేస్తాయి. మాది కంకర కాబట్టి నాకు ఆ టెన్షన్ లేదు.

మీరు ఎక్కడం గురించే అడిగారు కానీ, నాకైతే దిగడమే ఎక్కువ భయం. మన సైజు ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకులు వెనక చక్రాలకే. వెనక తేలికగా ఉండి, ఫోర్‌వీల్ డ్రైవ్ తీసేసి వాలులో బ్రేకు తొక్కితే బండి అలాగే జారిపోతుంది. ఫోర్‌వీల్‌లో ఉంటే ముందు ఇరుసు కూడా కలిసి ఆపుతుంది. అందుకే దిగేటప్పుడు లో రేంజ్, ఫోర్‌వీల్, బకెట్ నేలకు దగ్గరగా. జారడం మొదలైతే బకెట్‌ను నేలకు దించేయండి, అది లంగరులా పట్టి ఆపుతుంది. రెండు వెనక చక్రాలనూ కలిపి తిప్పే డిఫ్ లాక్ తిన్నగా వెళ్తున్నప్పుడే నొక్కాలి, మలుపులో నొక్కితే స్టీరింగ్ మాట వినదు. రోల్ బార్ నిలబెట్టి సీట్ బెల్ట్ పెట్టుకోండి.

బాగా చలిగా ఉన్న రోజుకంటే, ఎండకు కాస్త కరిగి నీటి పొర తేలిన ఐస్ మరీ జారుతుంది. అలాంటి రోజు దిగుడులో ముందే ఇసుక చల్లండి. 15 ఫారెన్‌హీట్ కిందికి పోతే మామూలు ఉప్పు పెద్దగా పనిచేయదు, ఇసుకే నయం.

వెనక టైరు పక్కన రాసి ఉన్న సైజు, ఫెండరు దగ్గరి ఖాళీ, హిచ్ ఎత్తగల బరువు ఇక్కడ పెట్టండి. ఏ చైను సరిపోతుందో చూసి చెప్తాను.