జీమెయిల్‌కి మళ్లించిన ఆర్డర్లు ఎటు పోతున్నాయి?

ప్రశ్న: మాది వరంగల్ కొత్తవాడ, జంపఖానాలు అమ్ముతాం. సొంత డొమైన్ మీద మెయిల్ అడ్రస్ పెట్టుకుని, దానికి వచ్చేవన్నీ నా జీమెయిల్‌కి ఫార్వర్డ్ అయ్యేలా చేశాను. రెండు నెలలుగా కొన్ని ఆర్డర్లు స్పామ్‌లో పడుతున్నాయి, కొన్ని అక్కడ కూడా లేవు. పంపామని కస్టమర్లు ఫోన్ చేస్తుంటే టెన్షన్‌గా ఉంది. హోస్టింగ్ వాళ్లేమో జీమెయిల్‌ని అడగమంటున్నారు.
- ఓ పాఠకుడు, కొత్తవాడ

జవాబు: జీమెయిల్‌ని అడిగి లాభం లేదండీ, చిక్కంతా ఫార్వర్డింగ్‌లోనే ఉంది. హన్మకొండలో ఓ హోటల్ మీకు మెయిల్ పెట్టిందనుకోండి. తన పేరుతో వచ్చే మెయిల్ ఏ సర్వర్ల నుంచి వస్తుందో ఆ హోటల్ తన డొమైన్ రికార్డుల్లో రాసి పెట్టుకుంటుంది, అదే ఎస్‌పీఎఫ్. కానీ ఆ మెయిల్ మీ హోస్టింగ్ సర్వర్‌కి వచ్చి, అక్కడి నుంచి మళ్లీ బయల్దేరి జీమెయిల్‌కి చేరుతుంది, జీమెయిల్ చూసేది ఆఖరున తలుపు కొట్టిందెవరని. హోటల్ జాబితాలో మీ సర్వర్ ఎందుకుంటుంది? ఎస్‌పీఎఫ్ ఫెయిల్. దొంగ మెయిళ్లూ అచ్చం ఇలాగే వస్తాయి మరి.

అప్పుడు కాపాడాల్సింది డీకిమ్, అంటే పంపినవాళ్ల సర్వర్ వేసే డిజిటల్ సంతకం. ఎన్ని సర్వర్లు మారినా చెల్లుతుంది, మధ్యలో ఎవరూ మెయిల్‌ని ముట్టుకోనంత వరకే. కొన్ని హోస్టింగ్‌లు సబ్జెక్టు ముందు 'స్పామ్' అనో, అడుగున వైరస్ స్కాన్ చేశామనో ఓ ముక్క అతికిస్తాయి, దాంతో సంతకం చెల్లదు. రెండూ పోయాక ఏం చేయాలో పంపినవాళ్లు తమ డొమైన్‌లో రాసి పెట్టుకునే సూచనే డీమార్క్, అందులో 'రిజెక్ట్' అని పెట్టుకుని ఉంటే మెయిల్ గుమ్మంలోంచే వెనక్కి పోతుంది. మీకు అసలు కనిపించనివి ఇవే అయ్యుండొచ్చు.

స్పామ్‌లో దొరికిన ఆర్డర్ ఒకటి కంప్యూటర్లో తెరిచి, మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కండి, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి ఎదురుగా పాసో ఫెయిలో ఉంటుంది. డీకిమ్ ఫెయిలైతే ఆ స్క్రీన్‌షాట్ హోస్టింగ్ వాళ్లకి పంపి, మెయిల్‌లో ఏం కలుపుతున్నారో అడగండి. ఎస్‌ఆర్‌ఎస్ (ఫార్వర్డ్ చేసేటప్పుడు పంపినవాళ్ల అడ్రస్ బదులు తమ సర్వర్ అడ్రస్ పెట్టే పద్ధతి) పెట్టాం కదా అంటారేమో, దాంతో ఎస్‌పీఎఫ్ పాసయ్యేది ఫార్వర్డ్ చేసే సర్వర్ పేరు మీద, డీమార్క్‌కి కావాల్సిందేమో హోటల్ పేరు.

నన్నడిగితే ఫార్వర్డింగే తీసేయండి. మీకొచ్చే చెత్త మెయిళ్లు కూడా ఆ దారినే పోతున్నాయి, జీమెయిల్ లెక్కలో అవన్నీ పంపేది మీ సర్వరే. హోస్టింగ్‌లోనే మెయిల్‌బాక్స్ ఉంచుకుని, ఆండ్రాయిడ్ ఫోన్‌లో జీమెయిల్ యాప్‌లోనే ఐమ్యాప్‌తో (మెయిల్ సర్వర్‌లోనే ఉంటూ ఫోన్‌లో కనిపించే పద్ధతి) రెండో అకౌంట్‌గా కలుపుకోండి. మీరు పంపే జవాబులకూ ఎస్‌పీఎఫ్, డీకిమ్ ఉన్నాయో లేదో చూసుకోండి, 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో గట్టిగా ఉంది. ఈలోగా స్పామ్ ఫోల్డర్ రోజూ తిరగేయండి, 30 రోజులు దాటితే అందులోవి వాటంతట అవే చెరిగిపోతాయి.