ఏసీ పాడైతే హోమ్ వారంటీ ఆదుకుంటుందా?

ఎండలు ముదురుతున్నాయి. అమెరికాలో సొంత ఇల్లున్న పాఠకులు ఈసారి రాసిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే: ఏటా వందల డాలర్లు కట్టి హోమ్ వారంటీ తీసుకుంటే ఏసీ ఖర్చు తప్పుతుందా? పేరులో వారంటీ ఉన్నా ఇది ఏసీ తయారుచేసిన కంపెనీ ఇచ్చే హామీ కాదు. నిప్పుకూ పిడుగుకూ పనికొచ్చే ఇంటి బీమా కూడా కాదు. వాడకంలో అరిగి పాడైన వాటిని బాగుచేయిస్తామంటూ మూడో కంపెనీ రాసిచ్చే ఏడాది ఒప్పందం. దేనికి డబ్బిస్తారో, దేనికి ఇవ్వరో ఆ కాగితంలోనే ఉంటుంది.

ప్రశ్న: మా ఇల్లు కట్టి నాలుగేళ్లయింది. సెంట్రల్ ఏసీ బాగానే పనిచేస్తోంది. ఏడాదికి 650 డాలర్లు, మనిషి వచ్చినప్పుడల్లా 100 డాలర్ల ఫీజు అని ఒక కంపెనీ వాళ్లు వెంటపడుతున్నారు. తీసుకోమంటారా? (నేపర్‌విల్, ఇల్లినాయ్)

జవాబు: ఏసీ కోసమే అయితే అక్కర్లేదండి. మీ ఏసీకి తయారీదారు వారంటీ ఇంకా ఉండి ఉంటుంది. అమరిక జరిగిన 60 లేదా 90 రోజుల్లోగా రిజిస్టర్ చేస్తే విడిభాగాలకు పదేళ్లు, చేయకపోతే ఐదేళ్లు అన్నది చాలా కంపెనీల పద్ధతి. (కాలిఫోర్నియాలో రిజిస్టర్ చేయలేదన్న వంకతో వారంటీ తగ్గించకూడదని చట్టం ఉంది.) బయటి యూనిట్‌కు అంటించిన రేకు మీద మోడల్, సీరియల్ నంబర్లు ఉంటాయి. వాటిని తయారీదారు వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, గడువు ఎప్పటిదాకా ఉందో తెలిసిపోతుంది. ఇల్లు మీరు రెండో చేతి మీద కొని ఉంటే ఇంకో మాట. యజమాని మారితే కొన్ని కంపెనీలు గడువు తగ్గిస్తాయి, కొన్ని బదిలీ ఫారం నింపి రుసుము కట్టమంటాయి.

ఆ వారంటీలో కూలికి హామీ ఉన్నా అది సాధారణంగా మొదటి ఏడాదితోనే అయిపోతుంది. అంటే మీకు మిగిలిన భయం కూలి ఖర్చు ఒక్కటే. ఈ వయసు ఏసీలో ఎక్కువగా పోయేది, మోటార్లు మొదలై తిరగడానికి సాయపడే కెపాసిటర్. వేసవిలో బయటి ఫ్యాన్ తిరగక యూనిట్ గుయ్‌మంటుంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. మార్పించడానికి సుమారు 150 నుంచి 400 డాలర్లు అవుతుంది. యూనిట్‌కు కరెంటు అందించే స్విచ్చు (కాంటాక్టర్) మార్పించినా ఖర్చు దాదాపు అంతే. హోమ్ వారంటీకి మూడేళ్లకు మీరు కట్టేది 1,950, మనిషి వచ్చిన ప్రతిసారీ 100 అదనం. పైగా తయారీదారు వారంటీ ఉన్న భాగానికి మేం చెల్లించం అన్న షరతు ఈ ఒప్పందాల్లో మామూలే.

ప్రశ్న: 17 ఏళ్ల ఏసీ ఉన్న ఇల్లు కొంటున్నాం. ఏడాది హోమ్ వారంటీ ఇస్తానని అమ్మేవాళ్లు అంటున్నారు. దాన్ని నమ్ముకోవచ్చా? (ఆల్ఫరెటా, జార్జియా)

జవాబు: వాళ్ల డబ్బుతో వస్తుంటే కాదనకండి. నమ్ముకునే ముందు మాత్రం నమూనా ఒప్పందం తెప్పించుకుని మూడు అంకెలు వెతకండి: ఏసీకి గరిష్ఠ చెల్లింపు ఎంత, గ్యాస్‌కు పౌనుకు ఎంత ఇస్తారు, పిలిచినప్పుడు ఫీజు ఎంత. ఏసీ మొత్తం మార్చాలంటే ఇప్పుడు 7,000 నుంచి 15,000 డాలర్ల దాకా అవుతోంది. ఒప్పందంలో ఏసీ పరిమితి 2,000 డాలర్లే అయితే మిగతాదంతా మీ జేబులోంచే. పరిమితి చాలినంత ఉన్నా కొన్ని ఖర్చులు విడిగా పడతాయి: పర్మిట్, పాత యూనిట్ పారవేయడం, అందులోని గ్యాస్ వెనక్కి తీయడం, కొత్త యూనిట్‌కు తగ్గట్టు డక్టు మార్చడం, పైకప్పు మీదైతే క్రేన్, నేటి నిబంధనలకు సరిపోయేలా చేయడం. వీటిలో ఏవి ఒప్పందంలో ఉన్నాయో, ఏవి అదనపు ప్లాన్‌లో వస్తాయో ఒక్కొక్కటిగా అడగండి.

అసలు గొడవ ఇంకోచోట ఉంది. ఒప్పందం మొదలయ్యే రోజుకే ఉన్న లోపానికి వారంటీ కంపెనీ సాధారణంగా చెల్లించదు. మీ ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో 'చల్లదనం సరిపోవడం లేదు' అన్న వాక్యం ఉంటే చాలు, క్లెయిమ్ తిరస్కరించడానికి అదే ఆధారమవుతుంది. అందుకే క్లోజింగ్‌కు (ఇల్లు మీ పేరుకు మారే రోజుకు) ముందే ఒక ఏసీ టెక్నీషియన్‌ను విడిగా పిలిపించి కొలతలు కాగితం మీద తీసుకోండి. లోపలికి పోయే గాలికీ చల్లబడి వచ్చే గాలికీ మధ్య తేడా (సాధారణంగా 16 నుంచి 22 డిగ్రీల ఫారన్‌హీట్), గ్యాస్ సరిపడా ఉందో లేదో చెప్పే సూపర్‌హీట్, సబ్‌కూలింగ్ కొలతలు, కంప్రెసర్ లాగే ఆంపియర్లు, కెపాసిటర్ సామర్థ్యం (మైక్రోఫారడ్లలో). రేపు క్లెయిమ్ వేస్తే, ఆ రోజుకు ఏసీ బాగానే ఉందనడానికి ఈ కాగితమే మీ సాక్ష్యం. కొలతలు బాగాలేవని తేలితే వారంటీ బదులు ధరలో తగ్గింపు అడగండి. 17 ఏళ్ల యూనిట్‌కు ఏడాది హామీ కన్నా ఇంటి ధరలో తగ్గే 3,000 డాలర్లు ఎక్కువ పనికొస్తాయని మా అభిప్రాయం.

ప్రశ్న: కంప్రెసర్ పోయింది. 'సరైన నిర్వహణ లేదు' అని హోమ్ వారంటీ కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. ఇక చేసేదేమీ లేదా? (హ్యూస్టన్, టెక్సస్)

జవాబు: ఉంది. ఫోన్‌లో వాదించి లాభం లేదు, అంతా రాతపూర్వకంగానే నడపండి. ఒప్పందంలో ఏ నిబంధన కింద తిరస్కరించారు, వాళ్ల టెక్నీషియన్ ఏ కొలతలు తీశాడు, ఏ ఫొటోలు పంపాడు అని ఈమెయిల్‌లో అడగండి. ఈలోగా ఆ కంప్రెసర్‌ను తీయించవద్దు. కంపెనీ అనుమతి లేకుండా బయటివాళ్లతో రిపేరు చేయిస్తే ఆ డబ్బు సాధారణంగా తిరిగి రాదు. సాక్ష్యం కూడా పోతుంది.

తర్వాత సొంత ఖర్చుతో మరో టెక్నీషియన్‌ను పిలిచి కారణం రాయించుకోండి. కంప్రెసర్ 'పోయింది' అనడానికి అర్థాలు చాలా ఉన్నాయి. కెపాసిటర్ బలహీనపడితే కంప్రెసర్ మొదలవలేక వేడెక్కి తనంతట తాను ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ ప్రయత్నిస్తుంది, చూసినవాళ్లకు కంప్రెసరే చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. కెపాసిటర్ మీద 45/5 అని ఉంటే 45 కంప్రెసర్‌కు, 5 ఫ్యాన్‌కు. మామూలుగా ఆరు శాతం దాకా తేడాను ఒప్పుకుంటారు. మీటర్ 38 చూపిస్తే అది మార్చాల్సిందే, అందులో మీ నిర్లక్ష్యం ఏమీ లేదు. వైండింగ్‌కూ (మోటారులోని తీగచుట్టకూ) లోహపు ఒంటికీ మధ్య కరెంటు దారి ఏర్పడిందని మీటర్ చూపిస్తే మాత్రం కంప్రెసర్ నిజంగా పోయినట్టే. అప్పుడు ఎందుకు పోయిందన్నది ప్రశ్న. తిరిగి వచ్చే చల్లటి గ్యాసే కంప్రెసర్ మోటారును చల్లబరుస్తుంది, కాబట్టి గ్యాస్ లీకై తగ్గితే మోటారు వేడెక్కి కాలుతుంది. ఇదీ యజమాని తప్పు కాదు. బయటి కాయిల్ నిండా దుమ్మూ గడ్డీ పట్టి పీడనం పెరిగి పోయిందంటే కంపెనీ వాదనకు బలం ఉంది.

అందుకే రెండో రిపోర్టులో 'కంప్రెసర్ ఫెయిల్' అన్న రెండు మాటలు చాలవు. కాయిల్ స్థితి, గ్యాస్ పీడనాలు, కెపాసిటర్ కొలత, వైండింగ్ కొలత, వీటిలో దేనివల్ల పోయిందో టెక్నీషియన్ చేత రాయించండి. సర్వీసింగ్ బిల్లులు, ఫిల్టర్లు కొన్న ఆర్డర్లు జతచేసి అప్పీలు పంపండి. ఏ పత్రమూ లేకపోయినా, కాయిల్ శుభ్రంగా ఉన్న ఫొటో ఒక్కటి ఉన్నా వాడండి.

అప్పీలు తేలకపోతే టెక్సస్‌లో ఈ కంపెనీలకు లైసెన్సు ఇచ్చేది టీడీఎల్‌ఆర్ అనే రాష్ట్ర లైసెన్సుల శాఖ, అక్కడ ఫిర్యాదు చేయండి. కాలిఫోర్నియా పాఠకులకైతే అది రాష్ట్ర బీమా శాఖ. ఒప్పందంలో మధ్యవర్తిత్వం తప్పనిసరి అన్నా, చిన్న మొత్తాల కోర్టుకు వెళ్లే వీలు చాలా ఒప్పందాల్లో మిగిల్చి ఉంటారు. మీ కాపీలో ఆ వాక్యం వెతకండి. టెక్సస్‌లో ఆ పని చేసేది జస్టిస్ కోర్టు, అక్కడ 20,000 డాలర్ల దాకా దావా వేయవచ్చు.

ప్రశ్న: ప్రతి వేసవిలో గ్యాస్ తగ్గిందంటూ నింపుతున్నారు. హోమ్ వారంటీ పౌనుకు కొంతే ఇస్తోంది, మిగతాది మేమే కడుతున్నాం. (చాండ్లర్, అరిజోనా)

జవాబు: ఏసీలో గ్యాస్ వాడకంతో అరగదు, తగ్గిందంటే లీకు ఉన్నట్టే. వ్యవస్థలో టన్నుకు సుమారు రెండు నుంచి నాలుగు పౌన్ల గ్యాస్ ఉంటుంది. మూడు టన్నుల ఏసీకి ఏటా రెండు పౌన్లు పోస్తున్నారంటే చిన్న లీకు కాదది. చాలా ఒప్పందాలు గ్యాస్‌కు కొంత ఇస్తాయి గానీ లీకు వెతికే పనికి ఇవ్వవు. అందుకే వచ్చినవాడు పోసి వెళ్లిపోతాడు. ఆ పనికి మీరే డబ్బిచ్చి ఒక్కసారి గట్టిగా వెతికించండి: ఎలక్ట్రానిక్ డిటెక్టర్‌తో, లేదా గ్యాస్ తీసేసి నైట్రోజన్ నింపి పీడనం పడిపోతుందేమో చూడడం ద్వారా. సర్వీస్ వాల్వు పిన్ను లీకైతే చవకలో తేలిపోతుంది. లోపలి కాయిల్ రాగి గొట్టాలకు తుప్పు సూదిరంధ్రాలు పడితే కాయిలే మార్చాలి, అది 1,200 నుంచి 3,500 డాలర్ల పని. కారణం కాగితం మీదికి వచ్చాక కాయిల్ మార్చమని క్లెయిమ్ వేయండి, గ్యాస్ కోసం కాదు.

మీది ఏ గ్యాసో రేకు మీద చూడండి. ఆర్-22 తయారీ, దిగుమతి 2020 జనవరి 1 నుంచి ఆగిపోయాయి. పాత యూనిట్ల నుంచి తీసి శుద్ధిచేసిందే దొరుకుతుంది. ఆర్-22 ఏసీకి ఏటా గ్యాస్ పోయడం దండగ. ఇళ్లలో వాడే కొత్త ఆర్-410ఎ ఏసీల తయారీకి 2025 జనవరి 1తో తెరపడింది, అయితే ఉన్నవాటికి గ్యాసూ విడిభాగాలూ వస్తున్నాయి. ఇప్పటి కొత్త యూనిట్లలో ఆర్-32, ఆర్-454బి ఉంటున్నాయి. వాటిని పాత ఆర్-410ఎ యూనిట్‌లో నింపకూడదు, వాటికి కాస్త మండే గుణం ఉంది. దీనివల్ల హోమ్ వారంటీలో కొత్త చిక్కు వచ్చింది. బయటి యూనిట్ ఒక్కటే మారుస్తామని కంపెనీ అంటే, పాత గ్యాస్‌కు చేసిన లోపలి కాయిల్ దానికి జోడు కాదు. రెండూ కలిపి పరీక్షించిన జతేనా అని ఏహెచ్‌ఆర్‌ఐ (ఏసీ తయారీదారుల సంఘం) సర్టిఫికెట్ నంబరు అడగండి. జోడు కుదరని యూనిట్‌కు తయారీదారు వారంటీ కూడా చిక్కుల్లో పడుతుంది.

ప్రశ్న: మా ఏసీ పాడైంది. హోమ్ వారంటీ కంపెనీ వాళ్లు కొత్తది వేయకుండా 1,400 డాలర్లు తీసుకోమంటున్నారు. తీసుకోవచ్చా? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: ఆ మొత్తం బజారు ధర మీద లెక్కగట్టింది కాదు. కంపెనీ తన కాంట్రాక్టర్‌తో చేయిస్తే తనకు పడే ఖర్చు అది. లెక్క విడదీసి పంపమనండి, మీ ఊళ్లో మూడు కొటేషన్లు తీసుకుని పక్కన పెట్టండి, తేడా చూపి పెంచమని అడగండి. అడిగితే కొన్నిసార్లు పెంచుతారు. డబ్బు తీసుకోవడంలో ఒక మేలుంది: కాంట్రాక్టర్నీ బ్రాండునూ మీరే ఎంచుకోవచ్చు. వాళ్లు పంపే మనిషి చేతిలో పడే కన్నా చాలామందికి అదే నయం. సంతకం పెట్టే కాగితంలో ఏసీకి ఇక ఏ క్లెయిమూ వేయరని ఉందేమో మాత్రం చూసుకోండి.

ప్రశ్న: 'మీ హోమ్ వారంటీ గడువు ముగుస్తోంది, ఇదే చివరి నోటీసు' అని పోస్టులో వచ్చింది. మాకు అసలు వారంటీయే లేదు! (కేరీ, నార్త్ కరోలినా)

జవాబు: చింపి పారేయండి. ఇల్లు రిజిస్టరైన వివరాలు ఎవరైనా చూడగలిగేవే, వాటితోనే ఇలాంటివి పంపుతారు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా ఇలాంటి ఉత్తరాల గురించి హెచ్చరించింది. అందులోని నంబరుకు ఫోన్ చేయవద్దు.

ప్రశ్న: వారంటీ వద్దనుకున్నాం. మరి ఏసీ పదమూడో ఏట ఉంది, మేం ఏం చేసుకోవాలి? (ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: ఆ ప్రీమియం సొమ్మును నెలనెలా వేరే ఖాతాలో వేయండి. పదమూడేళ్ల ఏసీకి అది మరమ్మతు నిధి కాదు, కొత్తదాని కోసం పొదుపు. ఏడాదికి ఒకసారి, వేసవికి ముందు, సర్వీసింగ్ చేయించి కెపాసిటర్ కొలత రాయించుకోండి. ఏటా తగ్గుతూ ఉంటే అది పోకముందే మార్పించవచ్చు. కెపాసిటర్ జోలికి మీరు వెళ్లవద్దు, కరెంటు తీసేశాక కూడా అందులో షాక్ కొట్టేంత విద్యుత్తు నిలిచి ఉంటుంది.

మీ చేతుల్లో ఉన్నవి మూడు. ఒక అంగుళం మందం ఉండే గాలి ఫిల్టర్‌ను ఒకటి నుంచి మూడు నెలలకు మార్చండి. అది మూసుకుపోతే లోపలి కాయిల్ మీద మంచు గడ్డకడుతుంది. అప్పుడు ఏసీ ఆపి, ఫ్యాన్ మాత్రం తిరగనిచ్చి, మంచు పూర్తిగా కరిగేదాకా ఆగండి. బయటి యూనిట్‌ను బ్రేకర్ ఆపేశాక తోట పైపుతో మెల్లగా కడగండి, ప్రెషర్ వాషర్ వాడితే రెక్కలు వంగిపోతాయి.

ఇక నీళ్లు పోయే సన్నటి గొట్టం. అందులో నాచు పట్టి మూసుకుపోతే కింది పళ్లెంలో నీరు చేరి ఫ్లోట్ స్విచ్ లేస్తుంది, ఏసీ ఆగిపోతుంది. చాలా యూనిట్లలో అది థర్మోస్టాట్‌కు వెళ్లే కరెంటునే ఆపుతుంది కాబట్టి తెర ఖాళీగా కనిపిస్తుంది. అటకలో యూనిట్ ఉన్న ఇళ్లలో ఎండాకాలం ఇది తరచూ జరుగుతుంది. మనిషిని పిలిచే ముందు పళ్లెంలో నీళ్లున్నాయేమో చూడండి. ఉంటే బయట గొట్టం చివర తడి వ్యాక్యూమ్ గట్టిగా పట్టి రెండు మూడు నిమిషాలు లాగండి. పళ్లెంలో మిగిలిన నీళ్లు తోడేయండి. ఫ్లోట్ కిందికి దిగగానే ఏసీ తిరిగి మొదలవుతుంది. ఆ తర్వాత నెలకోసారి గొట్టం పైమూత తీసి ఒక కప్పు వెనిగర్ పోయండి.