ప్రింట్ షాప్ ఎపిసోడ్ మీద రాసిన అమ్మాయికి

ఏమ్మా,

అవుట్‌ల్యాండర్ సీరియల్ మూడో సీజన్ ఆరో ఎపిసోడ్ మీద, అదే, క్లెయిర్ ఇరవై ఏళ్ళ తర్వాత కాలం దాటి వచ్చి, ప్రింట్ షాప్ నడుపుతున్న మొగుడు జేమీని కలిసేదాని మీద, నువ్వు రాసింది నిన్న రాత్రే చదివా, పొద్దున టీ తాగుతూ మళ్ళీ చదివా. కోప్పడనంటే ఒకటి చెప్తా. అందులో గూస్‌బంప్స్ అని తొమ్మిది సార్లు ఉంది, మాటల్లో చెప్పలేను అని నాలుగు సార్లు. చెప్పలేనిదానికి నాలుగు పేజీలు ఎలా అయ్యాయే తల్లీ?

నవ్వుకో, నేనూ నవ్వుకుంటూనే రాస్తున్నా, ఎందుకంటే నీ వయసులో నేనూ ఇదే బాపతు. ఒక వారపత్రికకి టీవీ సీరియల్స్ మీద రాసేదాన్ని, ఆవిడ కళ్ళు సముద్రాలు, నటన అమోఘం, ఇలాంటివే అన్నీ. ఒకసారి సబ్ ఎడిటర్ గారు నా కాయితం పక్కన పెట్టి, ఆ సీన్లో ఆవిడ చేతిలో ఏముందమ్మా అని అడిగారు. ఉత్తరం అనుకుంటానండీ అన్నా. కాదు, కాఫీ గ్లాసు, సీన్ అయ్యేదాకా పట్టుకునే ఉంది ఒక్క గుక్క తాగలేదు, నువ్వు రాయాల్సింది అది కదా అన్నారు. ముప్పై ఏళ్ళు దాటింది, ఇప్పటికీ ఏం చూస్తున్నా నా కళ్ళు ముందు చేతుల మీదకే పోతాయి.

సరే, నీ ఎపిసోడ్‌లో చేతుల్లో ఏముంది? ఫొటోలు. క్లెయిర్ సంచీలోంచి కూతురి ఫొటోలు తీసి ఇస్తుంది, జేమీ కళ్ళజోడు పెట్టుకుని చూస్తాడు. అది 1766, ఫొటో అనేది పుట్టడానికే ఇంకో అరవై ఏళ్ళు పడుతుంది. అలాంటి కాలంలో, బిడ్డ బతికిందో లేదో, ఆడపిల్లో మగపిల్లాడో కూడా తెలీని తండ్రి, ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పిల్ల మొహం మొదటిసారి చూస్తున్నాడు, అదీ చత్వారం వచ్చిన కళ్ళతో. నువ్వేమో దీనికి "ఫొటోస్ సీన్ కూడా సూపర్" అని అరలైను రాసి ముద్దు సీన్‌కి పేజీన్నర ఇచ్చావు. ముద్దు సీన్ అందరూ రాస్తారమ్మా.

ఇంకోటి, తారీఖులు. బోర్ కొడతాయని వదిలేశానన్నావు, అసలు ఏడుపంతా వాటిలోనే ఉంది. మన తెలుగు సినిమాలో టైం మెషీన్ ఎక్కి కృష్ణదేవరాయల దగ్గరికి వెళ్ళారంటే అది యంత్రం, మీట నొక్కితే పోతుంది. ఇక్కడ క్లెయిర్ కాలం దాటేది స్కాట్లండ్‌లో నిలబెట్టిన పాత రాళ్ళని ముట్టుకుని, వాటికి మీటా లేదు, అంకెలూ లేవు. 1945లో రాయిని ముట్టుకుంటే 1743లో తేలింది, హైలాండర్లు, అదే స్కాట్లండ్ కొండప్రాంతం వాళ్ళు, రాజు సైన్యం చేతిలో ఓడిపోయిన కలోడెన్ యుద్ధం రోజు, అంటే 1746 ఏప్రిల్ 16న, వెనక్కి వెళ్తే 1948లో పడింది, 1968లో మళ్ళీ దూకితే 1766. తీసేసి చూడు, ప్రతిసారీ 202 ఏళ్ళే. అంటే ఇక్కడ ఒక ఏడు గడిస్తే అక్కడా ఒక ఏడు గడిచిపోతుంది. కుర్ర జేమీ దగ్గరికి వెళ్దామన్నా వెళ్ళలేదు, ఆ ఇరవై ఏళ్ళు ఎవరికీ తిరిగిరావు. ఈ ఒక్క ముక్క ముందు పెట్టి, ఆ తర్వాత జేమీ కళ్ళజోడు పెట్టుకున్నాడని రాయి, గూస్‌బంప్స్ అన్న మాటతో పనే ఉండదు.

ఐదో ఎపిసోడ్‌లో జేమీ బతికున్నాడని క్లెయిర్‌కి తెలిసేదీ తారీఖు వల్లే కదా. 1765లో ఎడిన్‌బరోలో అచ్చయిన కాయితంలో స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ కవితలో లైను కనిపిస్తుంది, బర్న్స్ పుట్టింది 1759లో, అప్పటికి ఆరేళ్ళ పిల్లాడు, ఆ లైను రాయడానికి ఇంకా ఇరవై ఏళ్ళుంది. అది క్లెయిర్ నోట విన్నవాడు ఒక్కడే, జేమీ. నాకైతే అక్కడ చేతిలో రిమోట్ జారిపోయింది.

కిల్ట్ పేరా మాత్రం తీసెయ్. హీరోకి కిల్ట్, అదే హైలాండర్లు నడుముకి కట్టుకునే గళ్ళ బట్ట, వెయ్యకుండా మామూలు కోటు వేసి లుక్ పాడు చేశారని కాస్ట్యూమ్స్ వాళ్ళని తిట్టావు, పాపం వాళ్ళ తప్పేం లేదు. కలోడెన్ తర్వాత హైలాండర్ల బట్టల మీద చట్టం తెచ్చారు, 1747 ఆగస్టు నుంచి 1782 దాకా సైన్యంలో ఉన్నవాళ్ళు తప్ప మగవాళ్ళు అవి వేసుకోకూడదు, మొదటిసారి దొరికితే ఆరు నెలలు జైలు, రెండోసారి ఏడేళ్ళు సముద్రం అవతలికి. పేరు మార్చుకుని ఎ. మాల్కమ్ అని బోర్డు పెట్టుకుని దొంగచాటుగా రాజద్రోహం కరపత్రాలు అచ్చేసేవాడు కిల్ట్ కట్టుకుని వీధిలో తిరుగుతాడా? తిట్టొద్దని కాదు, బ్రహ్మాండంగా తిట్టు, కాకపోతే తిట్టే ముందు ఒక పది నిమిషాలు వెతికి చూసుకో. అంత గొప్పగా కలిసిన భార్యని రాత్రికి వేశ్యాగృహంలో గదికి తీసుకెళ్ళాడు చూడు, దాన్ని తిట్టొచ్చు, నువ్వు దాన్ని ముట్టుకోనే లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఎపిసోడ్ అయిన పది నిమిషాలకి నాకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టావు గుర్తుందా? "కూతుర్ని వదిలేసి ఎలా వెళ్ళింది అత్తా, తిరిగొస్తుందో రాదో కూడా తెలీదు, వాళ్ళు ముద్దు పెట్టుకుంటుంటే నాకు ఆ పిల్ల ఇంట్లో ఒక్కతే ఏం చేస్తుందా అనే ఉంది" అన్నావు, మధ్యలో గొంతు కూడా పట్టేసింది. రైటప్‌లో అది ఒక్క ముక్క లేదు. ఎందుకు తీసేశావు? ఫ్యాన్స్ తిడతారనా? మీ అమ్మ కువైట్ వెళ్ళినప్పుడు నీకు ఏడేళ్ళు, ఏటా నీ పుట్టినరోజుకి స్టూడియోలో ఫొటో తీయించి పంపేవాళ్ళు, నువ్వు నవ్వవు, ఫొటోగ్రాఫర్ బతిమాలేవాడు, నాకు తెలుసు. ఆ ఫొటోలు అక్కడ మీ అమ్మ ఎలా చూసుకుందో నువ్వెప్పుడైనా అడిగావో లేదో నాకు తెలీదు. అది రాయమని బలవంతం చెయ్యను, రాయకపోయినా పర్లేదు. కానీ జేమీ ఫొటో చూసే సీన్‌ని అరలైన్లో దాటేసింది నువ్వే కాబట్టి అడుగుతున్నా.

ఆ వాయిస్ మెసేజ్ మళ్ళీ విను, విన్నది విన్నట్టు టైప్ చెయ్, తర్వాత కామాలు పెట్టుకోవచ్చు. కథ మొత్తం చెప్పకు, చూసినవాళ్ళకి అక్కర్లేదు, చూడనివాళ్ళు తిడతారు. ఆదివారం లోపు పంపు, పెన్సిల్ చెక్కి పెట్టుకుంటా.

అన్నట్టు నేను ఏడో ఎపిసోడ్ ఇంకా చూడలేదు, ఆరో దాని చివర క్లెయిర్ గదిలోకి దూరినవాడు ఎవడో చెప్పావంటే మాత్రం ఊరుకోను.

మీ అత్త