నైట్స్ మొదలయ్యేలోపు చదువుకో అమ్మలూ

అమ్మలూ,

సోమవారం నుంచి క్యాజువాల్టీలో నైట్స్ అంట కదా, మీ అమ్మ ఫోన్ చేసి "బావగారూ, కాస్త ధైర్యం చెప్పండి దానికి" అంది. ధైర్యం సంగతి పక్కన పెట్టు, ఈ బెంగళూరులో ఇన్నేళ్లు చేసి నేను తప్పు చేసి నేర్చుకున్నది చెప్తా.

రాత్రి రెండు దాటాక హోసూరు రోడ్డు వైపు నుంచి బైక్ కేసులొస్తాయి. స్ట్రెచర్ ఇంకా లోపలికి రాకముందే వెనకాలున్నవాళ్లు కన్నడలో, తెలుగులో, తమిళంలో అడిగేది ఒకటే, "స్కాన్ తీశారా డాక్టర్?" నీకూ మనసు అటే లాగుతుంది. బీపీ పడిపోయి, చేతులు చల్లబడి, చెమటలు పట్టినవాణ్ని మాత్రం సీటీ స్కాన్‌కి పంపకు.

నేను పంపా. మన అనంతపురం వైపు కుర్రాడు, లారీ క్లీనర్, గోళ్ల నిండా గ్రీజు. బీపీ 84 ఉంటే సెలైన్ పోశాం, 100కి వచ్చింది, హమ్మయ్య అనుకుని సీటీకి తోసేశా. "దప్పిక సార్, దప్పిక" అని అడుగుతూనే ఉన్నాడు, లోపల రక్తం పోతుంటే అలాగే అడుగుతారని నాకప్పుడు తట్టలేదు. లిఫ్టు, కారిడారు, టేబుల్ మీదకి మార్చడం, అంతే, అక్కడే పల్స్ పోయింది. స్ప్లీన్ (ప్లీహం) పగిలింది. అల్ట్రాసౌండ్ మెషిన్ బెడ్ పక్కనే ఉంది, రెండు నిమిషాల పని! బతికాడులే, అది నా గొప్ప కాదు, సర్జన్ ఆ రోజు ఇంకా ఇంటికెళ్లలేదు.

అందుకే ముందు ఈఫాస్ట్ చెయ్, అదే, బెడ్ పక్కనే అల్ట్రాసౌండ్‌తో పొట్టలో, ఛాతీలో రక్తముందేమో చూడ్డం. లివరుకీ కిడ్నీకీ మధ్య, స్ప్లీన్ పక్కన, బ్లాడర్ దగ్గర, గుండె చుట్టూ, రెండు ఊపిరితిత్తులు. నెగటివ్ వస్తే నిశ్చింతగా ఉండకు, కాసేపాగి మళ్లీ పెట్టు, ఓ 200 ఎంఎల్ లోపు రక్తమైతే కనపడకపోవచ్చు, వెన్ను వైపు పోయే రక్తం అసలు కనపడదు. పెల్విస్ (కటి ఎముక) విరిగిందని అనుమానముంటే బైండర్, అంటే బిగించే పట్టీ, కట్టు, తొడ ఎముక పైన ఉబ్బెత్తుగా చేతికి తగులుతుందే అక్కడ, మనవాళ్లు పొరపాటున ప్యాంటు బెల్టులా నడుముకి కట్టేస్తుంటారు. బీపీ పడిపోతూ ఛాతీలో ఒక పక్క గాలి శబ్దం లేకపోతే ఎక్స్‌రే కోసం చూడకు, లోపల చిక్కుకున్న గాలి పోయేలా ఆ పక్క నీడిల్ వేసెయ్, తర్వాత ఐసీడీ (ఛాతీలో పెట్టే ట్యూబు).

ఇంకోటి, దెబ్బ ఎన్నింటికి తగిలిందో కేస్‌షీట్ మీద మొదటి లైన్లో రాయి. కోలార్ నుంచో హిందూపురం నుంచో రెండు ఆసుపత్రులు తిరిగి వచ్చేవాళ్లకి టైమంతా దారిలోనే అయిపోతుంది. రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ దెబ్బ తగిలిన 3 గంటల లోపే ఇవ్వాలి, ఒక గ్రాము 10 నిమిషాల్లో, ఇంకో గ్రాము 8 గంటల్లో. ఈ మందు మీద 2010లో వచ్చిన క్రాష్-2 స్టడీలో 20,000 మందికి పైగా ఉన్నారు, 3 గంటలు దాటాక మొదలుపెట్టినవాళ్లలో రక్తస్రావంతో చావులు పెరిగాయి.

రక్తం పోతున్నవాడికి, ఆపరేషన్ దాకా, పై బీపీ 90 దగ్గర ఉన్నా సర్దుకోవచ్చు, ఊరికే సెలైన్ దంచకు, బ్లడ్ తెప్పించి ఎక్కించు. తలకి పెద్ద దెబ్బైతే ఆ లెక్క పనికిరాదు, 110కి తగ్గనివ్వకు. 65 దాటిన పెద్దాయన, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు, వీళ్లకి తలకి దెబ్బ తగిలితే నవ్వుతూ మాట్లాడుతున్నా సరే తల సీటీ తీయించు.

స్టేబుల్‌గా ఉన్నవాళ్లకి సీటీ హాయిగా తీయించుకో, అలాగని ప్రతివాడికీ తల నుంచి తుంటి దాకా అక్కర్లేదు, 2016లో రియాక్ట్-2 స్టడీలో అలా తీసినా చావులేం తగ్గలేదు.

రాత్రి మూడింటికైనా ఫోన్ చెయ్, ఎత్తుతా. మీ పెద్దమ్మ గోంగూర పచ్చడి కట్టి పెట్టింది, ఆదివారం వచ్చి తీసుకెళ్లు.

పెదనాన్న