కర్రలు ముందు పక్కపక్కన పెట్టి చూడు

పర్లాకిమిడి

చిట్టితల్లీ,

ఒకటో తరగతి పిల్లలకి దూరాలు కొలవడం ఆటల్లోనే నేర్పిస్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వీధిలో అందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, కర్రాబిళ్ళ ఆడిస్తావేమోనని.

ఆడించు, కానీ చెక్కబిళ్ళ వద్దమ్మా. అది ఎటు లేస్తుందో కొట్టినవాడికే తెలీదు. కంటికి తగిలితే ఇక మనం చేసేదేమీ ఉండదు. పాతగుడ్డలతో బంతి చుట్టి, చేత్తో విసరమను. విసిరేటప్పుడు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. రోజూ చెప్పు, నీకు విసుగొచ్చినా చెప్పు.

అంగలు, జానలు నీకు తెలిసినవే. మన పిల్లలు ఇంట్లో మూర అంటారు, బళ్ళో ఒడియాలో హాత అంటారు. రెండూ మోచేయి నుంచి వేలి కొస దాకానే. ఏ మాటనీ తప్పనకు.

నేను చేసిన తప్పు విను. ఉద్యోగంలో చేరిన కొత్త. ఎవరి కర్ర వాళ్ళే తెచ్చుకోమన్నాను. బిళ్ళ పడ్డచోటు దాకా కర్రతో కొలిచి, ఎక్కువ లెక్క వచ్చిన జట్టుదే గెలుపన్నాను. ఒక జట్టుకి 18, ఇంకో జట్టుకి 13. ఓడిన జట్టులో ఒక పిల్లాడు "మా బిళ్ళే దూరం పోయింది మాస్టారూ" అని ఏడుపు గొంతుతో పట్టుబట్టాడు. "లెక్క కనబడట్లేదా, కూర్చో" అని కసిరాను.

సాయంత్రం చూస్తే రెండు కర్రలూ గోడకి ఆనించి ఉన్నాయి. ఒకటి మూరెడు. రెండోది దానికన్నా జానెడు పొడుగు, అంటే మూరన్నర. 13 సార్లు మూరన్నర అంటే పందొమ్మిదిన్నర మూరలు. వాడిదే గెలుపు. మర్నాడు అందరి ముందూ చెప్పాల్సింది, మాస్టారి మాట పోతుందని ఊరుకున్నాను. ఆ ఏడంతా వాడు కొలత దగ్గర మళ్ళీ నోరు విప్పలేదు.

అందుకే, కొలత మీద తగువొస్తే ఆపకు తల్లీ. కర్రలు పక్కపక్కన పెట్టమను, వాళ్ళే పట్టుకుంటారు. మీటరు కర్ర ఆ తర్వాతే బయటికి తియ్యి.

నాకు అడుగంటే ఏమిటో మీ తాతయ్య నౌపడ చిన్నరైలు పట్టాల దగ్గర చూపించారు. పట్టాల మధ్య రెండున్నర అడుగులే, 762 మిల్లీమీటర్లు. 2004లో ఆ రైలు ఆగిపోయింది, ఇప్పుడున్నది బ్రాడ్‌గేజ్, 1,676. పిల్లల్ని మాత్రం పట్టాల వైపు తీసుకెళ్ళకు. బడి ఆవరణలోనే ముగ్గుపిండితో రెండు రైళ్ళ పట్టాలూ గీసి గెంతమను. చిన్నరైలుని ఒక్క గెంతులో దాటేస్తారు. పెద్దరైలుకి ఎవరికెన్ని గెంతులు పట్టాయో నాకు రాసి పంపు.

నీ పెదనాన్న